ఆడపిల్ల పేరులో రెండో మాట

తెలుగింటి ఆడపిల్ల పూర్తి పేరులో సాధారణంగా మూడు భాగాలుంటాయి. మొదట ఇంటిపేరు, చివర నలుగురూ పిలిచే పేరు, ఆ రెంటి నడుమ ఒకటో రెండో మాటలు. పూసర్ల వెంకట సింధు అన్న పేరులో పూసర్ల వంశానిది, సింధు అమ్మాయిది, వెంకట ఏడుకొండలవాడిది. లోకమంతా ఆమెను సింధు అనే అంటుంది. బ్యాడ్మింటన్ పోటీల పట్టికల్లో వెంకట అన్న మాట ఒక్క ‘వి’ అక్షరంగా కుదించుకుపోతుంది. అయినా పేరులోంచి దాన్ని ఎవరూ తీసెయ్యరు. పిలుపుకు అక్కరలేని మాట పేరులో ఎందుకుండాలి, ఉంటే ఎలాంటిది ఉండాలి అన్నది పాప పుట్టిన ఇంట్లో బారసాల నాటికి తేలవలసిన సంగతి. ఇంగ్లీషు దరఖాస్తుల పుణ్యమా అని దీనికి మిడిల్ నేమ్ అన్న మాట స్థిరపడింది. తెలుగులో మధ్య పేరనీ, రెండో పేరనీ అంటున్నారు.

ఈ నడిమి చోటును ఒక్కో సమాజం ఒక్కో పనికి వాడుకుంది. రష్యాలో అది తండ్రిది. 1963లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి మహిళ వాలెంటీనా వ్లాదిమిరొవ్నా తెరిష్కోవా పేరులో నడిమి మాట ఆమె వ్లాదిమిర్ కూతురని చెబుతుంది. మహారాష్ట్ర, గుజరాత్‌లలోనూ ఆ చోటు తండ్రిదే. క్రికెటర్ స్మృతి శ్రీనివాస్ మంధానా పేరులో శ్రీనివాస్ ఆమె తండ్రి. పెళ్లయ్యాక తండ్రి పేరు తప్పుకుని భర్త పేరు రావడం అక్కడి వాడుక. 2024 మే 1 నుంచి పుట్టే పిల్లలకు తండ్రి పేరుకు ముందు తల్లి పేరు కూడా రాయడాన్ని మహారాష్ట్ర ప్రభుత్వం తప్పనిసరి చేసింది. తమిళనాట ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పేరు ముందున్న రెండక్షరాల్లో మొదటిది ఊరు మదురైది, రెండోది తల్లి షణ్ముఖవడివుది.

ఇంగ్లీషువాళ్లలో ఆ చోటు చుట్టాలది. మధ్య పేరు పెట్టడం వాళ్లకు మరీ పాత ఆచారమేమీ కాదు. 17వ శతాబ్దంలో అరుదుగా కనిపించి, 19వ శతాబ్దానికి అందరిలోకీ పాకింది. అమెరికా తొలి అధ్యక్షుల్లో వాషింగ్టన్‌కూ జాన్ ఆడమ్స్‌కూ జెఫర్సన్‌కూ మధ్య పేరు లేదు. ఆరో అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్‌తోనే అది మొదలైంది. 1926లో పుట్టిన ఎలిజబెత్ అలెగ్జాండ్రా మేరీ అన్న రాకుమారికి మొదటి పేరు తల్లిది, రెండోది ముత్తవ్వది, మూడోది నాయనమ్మది. తర్వాత ఆమే రెండో ఎలిజబెత్ రాణి. 2015లో పుట్టిన ఆమె మునిమనుమరాలికి షార్లెట్ ఎలిజబెత్ డయానా అని పేరు పెట్టినప్పుడు ముత్తవ్వకూ, కాలం చేసిన నాయనమ్మకూ నడుమ చోటు దొరికింది. చుట్టాల పేర్లు కుదరనప్పుడు ఆన్, జేన్, రోజ్, గ్రేస్ వంటి ఒక్క ఊపు మాటల్ని పెట్టుకుంటారు. మొదటి పేరుకూ ఇంటిపేరుకూ మధ్య నాలుక ఒక్క క్షణం ఆగడానికి అవి వీలిస్తాయి. అంతకుమించి వాటికి పెద్ద బాధ్యత ఉండదు.

భారతదేశంలో ఒకే బిడ్డకు ఒకటి కన్నా ఎక్కువ పేర్లు పెట్టడం ఈ మిడిల్ నేమ్ కన్నా చాలా పాతది. నామకరణ విధిలో నాలుగు రకాల పేర్లు చెబుతారు. ఇలవేల్పు పేరు ఒకటి, పుట్టిన మాసానికి అధిదేవత పేరు ఒకటి, జన్మనక్షత్రాన్ని బట్టి వచ్చేది ఒకటి, నలుగురూ పిలిచే వ్యావహారిక నామం ఒకటి. నక్షత్రపు పేరుకు పాదాన్ని బట్టి మొదటి అక్షరం నిర్ణయమవుతుంది. అశ్వినికి చు, చే, చో, ల. భరణికి లి, లు, లే, లో. చు, చే, చో అక్షరాలతో ఈ కాలపు ఆడపిల్లకు నచ్చే పేరు వెతకడం తల్లిదండ్రులకు కష్టమే. అందుకే నక్షత్రపు పేరును జాతకానికో రెండో పేరుకో పంపి, పిలుపు పేరును తమ ఇష్టానికి ఉంచుకోవడం ఎప్పటినుంచో ఉన్న సర్దుబాటు.

ఆడపిల్ల పేరుకు శాస్త్రాలు ప్రత్యేకంగా నియమాలు పెట్టాయి. పారస్కర గృహ్యసూత్రం ప్రకారం మగపిల్లవాడి పేరుకు రెండో నాలుగో అక్షరాలుండాలి, ఆడపిల్ల పేరులో అక్షరాలు బేసి సంఖ్యలో ఉండి చివర ఆకారం రావాలి. పేరు నోటికి సులువుగా, మనసుకు హాయిగా, అర్థం స్పష్టంగా, చివర దీర్ఘంతో, దీవెనలా వినిపించాలని మనుస్మృతి రెండో అధ్యాయం చెబుతుంది. ఈ మాట ఇప్పటికీ ఎవరూ కాదనరు. అదే గ్రంథం మూడో అధ్యాయంలో మాత్రం నక్షత్రం, చెట్టు, నది, కొండ, పక్షి, పాము పేర్లున్న అమ్మాయిని పెళ్లాడవద్దంది. తెలుగువాళ్లు దాన్ని చెవిన పెట్టలేదు. రోహిణి, రేవతి నక్షత్రాలు. తులసి మొక్క. గంగ, యమున, కృష్ణవేణి నదులు. చిలకమ్మలో పక్షి, నాగమణిలో పాము ఉండనే ఉన్నాయి. వీళ్లందరికీ పెళ్లిళ్లయ్యాయి, మనుమరాళ్లకు వాళ్ల పేర్లే పెట్టుకున్నారు. పేర్ల విషయంలో శాస్త్రం కన్నా ఇంటి ముచ్చటకే ఎప్పుడూ పైచేయి అని దీన్ని బట్టి తెలుస్తుంది.

తెలుగు పేర్లలో రెండో మాటకు అన్నిటికన్నా పాత ఆధారం మొక్కు. పిల్లలు లేనివాళ్లు, పుట్టిన పిల్లలు దక్కనివాళ్లు, కాన్పు కష్టమైనవాళ్లు దేవుడికి మొక్కుకుంటారు. బిడ్డ పుట్టి నిలిస్తే ఆ దేవుడి పేరు బిడ్డ పేరులో చేరుతుంది. వెంకట తిరుమలది. సత్య చాలాచోట్ల అన్నవరం సత్యనారాయణస్వామిది. నాగ, సుబ్రహ్మణ్యేశ్వరుడికీ నాగదేవతకూ మొక్కుకున్న ఇళ్లది. సాయి షిర్డీది. బెజవాడ కొండ మీదినుంచి కనకదుర్గ, శ్రీశైలం నుంచి భ్రమరాంబ, ద్రాక్షారామం నుంచి మాణిక్యాంబ వచ్చారు. కోటప్పకొండ చుట్టుపక్కల కోటేశ్వరమ్మలు, కోటిరత్నాలు ఎక్కువ. సింహాచలం అప్పన్న దయవల్ల ఉత్తరాంధ్రలో అప్పలనర్సమ్మలు, విజయనగరం పైడితల్లి వల్ల పైడమ్మలు, అనకాపల్లి నూకాలమ్మ వల్ల నూకరత్నాలు పుట్టారు. నెల్లూరు సీమలో పెంచలకోన నరసింహస్వామి పెంచలమ్మల్నిచ్చాడు. తెలంగాణలో వేములవాడ రాజన్న పేరిట రాజవ్వ, రాజమణి, రాజేశ్వరి ఉన్నారు. యాదగిరిగుట్ట పేరు మీద యాదమ్మ, మేడారం జాతర పేరు మీద సమ్మక్క, సారక్క ఉన్నారు. మస్తాన్ వలీ దర్గాకు మొక్కుకున్న హిందూ కుటుంబాల్లో మస్తానమ్మలు కనిపిస్తారు. ఈ మాట వింటే చాలు, ఆ కుటుంబం ఏ కొండకు నడిచి వెళ్లిందో, ఏ గుళ్లో పుట్టువెంట్రుకలు తీయించిందో తెలిసినవాళ్లకు అర్థమైపోతుంది.

వెంకట, నాగ, సత్య, సాయి వంటి మాటలకు ఒక సౌకర్యం ఉంది. ఇవి ఆడా మగా ఇద్దరికీ చెల్లుతాయి. అన్న వెంకట రమణ, చెల్లెలు వెంకట రమ్య కావచ్చు. ఒకే మొక్కు ఇంటిల్లిపాదికీ పంచుకోవచ్చు. చిక్కు కూడా అక్కడే ఉంది. మొక్కులు ఎక్కువైన ఇళ్లలో ఒక్క పాప మీదే అన్నీ వచ్చి పడతాయి. వెంకట నాగ సత్య సాయి అని వరసగా నలుగురు దేవుళ్లు ముందు నడిస్తే అసలు పేరు అయిదో స్థానానికి వెళుతుంది. అంత పేరు పెళ్లి శుభలేఖ మీద చి.ల.సౌ. తర్వాత ముచ్చటగానే ఉంటుంది. పోటీ పరీక్ష ఓఎమ్‌ఆర్ పత్రంలో ఒక్కో అక్షరానికీ ఒక్కో సున్నా చుట్టి నింపాల్సిన అమ్మాయికి మాత్రం అంత ముచ్చటగా ఉండదు. ఏ దేవుడినీ చిన్నబుచ్చకూడదనుకునే ఇంట్లో ఆడపిల్లకు ఒక్క దేవుణ్ణే ఇచ్చి, మిగిలిన వాళ్లను తర్వాతి పిల్లలకు అట్టేపెట్టడం మేలు.

ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లోనూ రెండో మాట ఉంది. షేక్, సయ్యద్, మొహమ్మద్ వంటివి ముందు ఇంటిపేరులా నిలిస్తే, ఆడపిల్ల పేరు చివర బేగం, సుల్తానా, ఫాతిమా వస్తాయి. ఇవి గౌరవాన్నో, ప్రవక్త కుటుంబపు స్మృతినో సూచిస్తాయి. క్రైస్తవుల ఇళ్లలో మేరీ, గ్రేస్, రోజ్ వంటివి జ్యోతి, కరుణ, సునీత వంటి తెలుగు పేర్లతో కలుస్తాయి. సునీత మేరీ, గ్రేస్ కరుణ అనే పేర్లలో ఒక మాట చర్చిది, ఒక మాట ఊరిది. బడిలో ఒకటి, బైబిలు ముందు ఇంకొకటి పిలుపుగా ఉండటమూ మామూలే.

మొక్కు తర్వాత బలమైన కారణం పెద్దల పేరు. తొలి చూలు ఆడపిల్లకు నాయనమ్మ పేరు, తర్వాతి ఆడపిల్లకు అమ్మమ్మ పేరు అన్నది చాలా ఇళ్లలో పద్ధతి. ఇద్దరి పేర్లూ కలిపి ఒకే పాపకు పెట్టడం రాజీ. సీతమ్మ మనుమరాలూ మహాలక్ష్మమ్మ మనుమరాలూ ఒకే పిల్ల అయినప్పుడు సీతామహాలక్ష్మి పుడుతుంది. అమెరికాలో ఇటువంటి రాజీకి ప్రసిద్ధమైన ఉదాహరణ మగవాడిదే. హ్యారీ ఎస్. ట్రూమన్ పేరులోని ‘ఎస్’కు విస్తరణ లేదు. ఇద్దరు తాతల పేర్లలో ఒకరి మధ్య పేరూ, ఇంకొకరి మొదటి పేరూ ‘ఎస్’తోనే మొదలవుతాయి గనక ఇద్దరినీ మెప్పించడానికి ఆ ఒక్క అక్షరమే ఉంచారు. తెలుగు తాతమ్మలు ఒక్క అక్షరంతో సరిపెట్టుకుంటారని చెప్పలేం.

పెద్దల పేరు పెట్టడంలో ఇంకో మెలిక ఉంది. అత్తగారి పేరు కోడలు నోటితో పలకకూడదన్న మర్యాద పాత తరాల్లో గట్టిగా ఉండేది. కన్నకూతురికి అత్తగారి పేరు పెట్టిన తల్లి ఆ పిల్లను బుజ్జి అనో, పాప అనో, అమ్మడు అనో పిలుచుకునేది. బియ్యంలో బంగారు ఉంగరంతో రాసిన పేరు పెట్టెలోకి పోయి, ముద్దుపేరే ఇంట్లో నిలిచేది. అరవై ఏళ్ల బుజ్జిగారు తెలుగునాట ఎంతోమంది ఉన్నారంటే కారణం ఇదే. పెద్దల పేరును పిలుపుగా కాక రెండో మాటగా పెడితే ఈ ఇబ్బంది ఉండదు. ముసలమ్మ పేరని పాప పెద్దయ్యాక విసుక్కునే అవకాశమూ తగ్గుతుంది. గౌరవం దస్తావేజులో ఉంటుంది, పిలుపు స్వేచ్ఛగా ఉంటుంది.

దేవుళ్లూ పెద్దలూ కాక మూడో తెగ మాటలు చివర చేరేవి. ఇవి కాలంతో మారతాయి. 1874లో పుట్టిన భండారు అచ్చమాంబ, 1896లో పుట్టిన కనుపర్తి వరలక్ష్మమ్మ పేర్ల చివర అంబ, అమ్మ ఉన్నాయి. 1918లో పుట్టిన ఇల్లిందల సరస్వతీదేవి, 1933లో పుట్టిన వాసిరెడ్డి సీతాదేవి, అబ్బూరి ఛాయాదేవి నాటికి దేవి వచ్చింది. టంగుటూరి సూర్యకుమారి, నాయని కృష్ణకుమారి, ఓల్గాగా ప్రసిద్ధికెక్కిన పోపూరి లలితకుమారి పేర్లలో కుమారి ఉంది. యద్దనపూడి సులోచనారాణి దగ్గర రాణి నిలిచింది. ఈ రచయిత్రుల, గాయనుల పేర్లు చాలు, తెలుగు మధ్యతరగతి తన ఆడపిల్లను ఏ కాలంలో ఎలా చూసుకోవాలనుకుందో చెప్పడానికి. ఒక తరం ఆమెను అమ్మగా, తర్వాతి తరం దేవతగా, ఆ తర్వాతిది రాకుమారిగా పిలిచింది. ఇప్పుడు ఆ చోట్లో శ్రీ, ప్రియ, సహస్ర, తన్వి వంటివి వచ్చాయి. ఇవి బంధుత్వాన్నీ హోదానూ సూచించవు. అందంగా వినిపిస్తాయి, అంతే.

ఈ వరస నుంచి గ్రహించవలసింది ఒకటుంది. చివరి మాట పుట్టిన దశాబ్దాన్ని పట్టిస్తుంది. కుమారి అన్న మాట పెళ్లికాని పిల్లకు బిరుదు కూడా కావడంతో, సభల్లో కుమారి లలితకుమారి అని చదవాల్సి వచ్చేది. డెబ్బై ఏళ్లు వచ్చినా కుమారి కుమారే. ఈనాటి మోజు మాటకూ ఇదే గతి పడుతుంది. మొదటి పేరు కొత్తదైతే రెండో మాట పాతది, మొదటిది పాతదైతే రెండోది కొత్తది పెట్టుకుంటే పేరు ఏ ఒక్క దశాబ్దానికీ కట్టుబడదు. ఇందిరా ప్రియదర్శిని అన్న పేరులో ఈ సమతూకం ఉంది. 1917లో పుట్టిన ఆ అమ్మాయికి మొదటి మాట లక్ష్మీదేవిది, రెండోది అశోకుడి బిరుదును తలపించేది. ఆనాటికి పురాణం ఒకటి, చరిత్ర ఒకటి.

అర్థం సంగతి తేలాక చెవి సంగతి చూడాలి. తెలుగు చెవికి కావలసిన కొలత ఛందస్సులోనే ఉంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. పూసర్ల అంటే అయిదు మాత్రలు, వెంకట అంటే నాలుగు, సింధు అంటే మూడు. మెల్లగా దిగే వరస. అదే పేరును అమెరికా పద్ధతిలో సింధు వెంకట పూసర్ల అని తిప్పితే మూడు, నాలుగు, అయిదు అని ఎక్కే వరస అవుతుంది. ఎటు చదివినా నోరు తడబడదు. అన్ని పేర్లకూ ఇంత పొందిక కుదరదు గాని సూత్రం పనికొస్తుంది. మూడు భాగాలూ ఒకే కొలతలో ఉంటే పాఠం అప్పజెప్పినట్టుంటుంది. మూడూ పొడుగైతే ఊపిరి అందదు. ఇంటిపేరు పొడుగైతే నడిమి మాట పొట్టిగా, పిలుపు పేరు రెండక్షరాలదైతే నడిమి మాట మూడు నాలుగు అక్షరాలదిగా ఉండటం మంచిది.

మాటల అతుకు ఇంకా ముఖ్యం. మొదటి మాట చివరి అక్షరమూ రెండో మాట మొదటి అక్షరమూ ఒకటే అయితే పలుకు చిక్కుపడుతుంది. మానస సహస్రలో రెండు సలు, కవిత తన్విలో రెండు తలు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. శ్రావ్య కావ్య, దివ్య భవ్య అంటే ఒక్క పాపను కాక కవలల్ని పిలిచినట్టుంటుంది. అచ్చు ముందు అచ్చు వస్తే సంధి తన పని తాను చేసుకుపోతుంది. నాగ, ఈశ్వరి కలిసి నాగేశ్వరి కావడం వేల ఏళ్లుగా చెవికి అలవాటైన అందం. దివ్య, ఐశ్వర్య కలిస్తే దివ్యైశ్వర్య అవుతుంది, వినడానికి వ్యాకరణ పాఠంలా ఉంటుంది. సాయి ఈషా అని విడదీసి రాసినా తెలుగు నోట అది సాయీషాగానే వస్తుంది. కాగితం మీద ఖాళీ వదిలినంత మాత్రాన నోటిలో ఖాళీ రాదు. అందుకని రెండు మాటల్నీ విడివిడిగా రాసి చూసుకుంటే చాలదు, దూరం నుంచి గట్టిగా కేకవేసి చూసుకోవాలి.

రెండు మాటల అర్థాలు ఒకదానికొకటి ఎలా నిలుస్తాయన్నదీ చూసుకోవాలి. జ్యోతి, దీప, ప్రభ మూడూ వెలుగే. వాటిలో ఏ రెంటిని జతచేసినా రెండో మాట వల్ల కొత్తగా వచ్చేదేమీ లేదు. శ్యామల, గౌరి నిఘంటువులో ఎదురెదురు మాటలు. ఒకటి నలుపు, ఒకటి తెలుపు. కాని రెండూ అమ్మవారివే కనుక శ్యామలా గౌరి అంటే ఎవరికీ విడ్డూరంగా ఉండదు. పేర్లలో నిఘంటువు కన్నా వాడుకదే గెలుపు. రెండో మాట మొదటి మాటకు విశేషణంగా కుదిరితే ఇంకా బాగుంటుంది. సంధ్యారాణి, ఉషాబాల వంటి జోడీల్లో రెండు మాటలూ కలిసి ఒకే చిత్రాన్నిస్తాయి. ఇటువంటి పేర్లలో దీర్ఘం ముఖ్యం. సీతాదేవి, లక్ష్మీప్రసన్న, ఉషారాణి అని కలిపి రాస్తే మొదటి మాట చివర దీర్ఘం నిలుస్తుంది. లక్ష్మి ప్రసన్న అని విడదీస్తే పోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ తేడా కనిపించనే కనిపించదు. సంఖ్యాశాస్త్రం పేరు చెప్పి ఇంగ్లీషు వర్ణక్రమంలో అదనంగా అక్షరాలు చేర్చడం వల్ల జరిగేది ఒక్కటే. ఆ పిల్ల జీవితమంతా ఫోనులో తన పేరును అక్షరం అక్షరం చెప్పుకుంటూ ఉంటుంది.

కాగితాల దగ్గరికి వచ్చేసరికి రెండో మాట అసలు పరీక్షకు నిలుస్తుంది. భారత పాస్‌పోర్టులో రెండే గళ్లున్నాయి. ఒకటి ఇంటిపేరుది, ఒకటి మిగిలిన పేరంతటిదీ. మధ్య పేరుకు వేరే గడి లేదు. అమెరికాలో పుట్టిన పాప జనన పత్రంలో మాత్రం మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అని మూడు చోట్లుంటాయి. తెలుగు పద్ధతిలో పిలుపు పేరు చివర వస్తుంది, అక్కడి పద్ధతిలో ముందుకు రావాలి. వెంకట సింధు అన్న వరసను అలాగే గళ్లలోకి దింపితే అక్కడి పంతులమ్మ పాపను వెంకట అని పిలుస్తుంది. సాయి మొదటి గడిలో పడితే తరగతిలో నలుగురు సాయిలు ఒకేసారి లేచి నిలబడే అవకాశం ఉంది. అందుచేత ఆ గళ్లు నింపేటప్పుడు పిలుపు పేరు మొదటి గడిలో, దేవుడి పేరో పెద్దల పేరో రెండో గడిలో వేయాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్ల కష్టం ఇంకోలా ఉంటుంది. ఒకే మాట ఉన్న పాస్‌పోర్టుకు అమెరికా వీసాలో ఆ మాట ఇంటిపేరుగా మారి, అసలు పేరు చోట మొదటి పేరు తెలియదని అర్థమిచ్చే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఎఫ్‌ఎన్‌యూ, అచ్చవుతాయి.

తొందరపడి పేరు ఖరారు చేయవలసిన అవసరం భారతదేశంలో లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి. పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుము కట్టి పేరు చేర్పించుకోవచ్చు. కాని 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలుకొని పాస్‌పోర్టు వరకు పుట్టిన తేదీకి జనన పత్రమే ఆధారం. ఇదివరకు పదో తరగతి మార్కుల మెమోలో ఏ పేరుంటే అదే అసలు పేరుగా చెలామణి అయ్యేది. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు కుదించి రాసిన పేరే జీవితమంతా నిలిచినవాళ్లు ఎందరో. ఇప్పుడా వెసులుబాటు తగ్గింది. జనన పత్రంలో రాయించిన రెండో మాటనే ఆధార్‌లోనూ, బడిలోనూ, బ్యాంకులోనూ అదే అక్షరక్రమంతో రాయిస్తే తర్వాత అఫిడవిట్ల బెడద ఉండదు.

మధ్య పేరు విషయంలో ఆడపిల్లకు మగపిల్లవాడికి లేని ఇంకో సమస్య ఉంది. పెళ్లయ్యాక తెలుగునాట మారేది ఇంటిపేరు ఒక్కటే. సీతామహాలక్ష్మి అత్తవారింటికి వెళ్లినా సీతామహాలక్ష్మే. అమెరికాలో అలా కాదు. అక్కడ పెళ్లయిన స్త్రీ భర్త ఇంటిపేరు తీసుకుని పుట్టింటి ఇంటిపేరును మధ్య పేరు స్థానంలోకి జరుపుకోవడం ఎక్కువ. హిల్లరీ డయాన్ రోధమ్ అలాగే హిల్లరీ రోధమ్ క్లింటన్ అయింది. 1986లో శాన్ డియాగోలో తెలుగు దంపతులకు పుట్టిన ఉషా బాలా చిలుకూరి పెళ్లి తర్వాత ఉషా చిలుకూరి వాన్స్‌గా ప్రసిద్ధురాలైంది. రెండు చోట్లా కన్నవాళ్లు ఎంచిన నడిమి మాటే పక్కకు తప్పుకుంది. కమలా దేవి హారిస్, ఆమె చెల్లెలు మాయా లక్ష్మి హారిస్ పేర్లలో మాత్రం తల్లి శ్యామలా గోపాలన్ దేశపు గుర్తులు ఆ నడిమి చోట్లోనే మిగిలాయి. విదేశాల్లో పిల్లను కన్నవాళ్లు ఈ తేడాను ముందే ఆలోచించుకోవాలి. ఎప్పటికీ పోకూడదనుకున్న మాట ఉంటే దాన్ని విడిగా మధ్య గడిలో పెట్టకుండా మొదటి పేరులోనే సమాసంగా కలిపేయడం క్షేమం. ఉషాబాల అని ఒకే మాటగా రాసిన పేరులోంచి బాలను విడదీయడం ఏ కార్యాలయానికీ సులువు కాదు.

ఇన్ని కొలతలు చూశాక మొదటి పేరుకూ రెండో పేరుకూ ఉన్న తేడా తేటపడుతుంది. మొదటి పేరు పిల్ల కోసం. రోజుకు పదిసార్లు ఆమె చెవిన పడేది, ఆమె సంతకం చేసేది, స్నేహితులు నోరారా పిలిచేది అదే. అక్కడ మొక్కులకూ పెద్దల పట్టింపులకూ చోటివ్వకూడదు. రెండో పేరు ఇంటి కోసం. మొక్కు తీర్చడం, నాయనమ్మను తలుచుకోవడం, ఊరి జ్ఞాపకం నిలబెట్టడం వంటివన్నీ అక్కడ చేసుకోవచ్చు. కాని ఒక్క మాటతో, ఒక్క బాకీతో ఆగాలి. ఏ మాట పెట్టినా పాప పెద్దయ్యాక ఇది నా పేరులో ఎందుకుందని అడిగితే, ఇంట్లోవాళ్లు ఒక్క వాక్యంలో జవాబు చెప్పగలగాలి. అలా చెప్పలేని మాట ఎంత అందంగా వినిపించినా పేరులో అక్కరలేదు. రెండో మాట లేకపోయినా పేరుకు లోటేమీ రాదు.